గడియారాన్ని కాదు, పిండిని అడగండి!

'ఇడ్లీపిండి పులియడానికి ఎన్ని గంటలు పడుతుందండీ?' - ఈ ప్రశ్న ఏ ఊళ్ళో అడిగినా జవాబు ఠక్కున వస్తుంది. వేసవిలో విజయవాడలో అడిగితే 'రాత్రి పదింటికి రుబ్బి పడుకుంటే తెల్లారి ఐదింటికల్లా గిన్నె అంచు దాటుతుంది' అంటారు. బెంగుళూరులో అడిగితే 'పన్నెండు గంటలైనా ఉండాలి' అంటారు. పుష్యమాసంలో అరకు వెళ్ళి అడగండి, 'పొద్దున్నకి ఆశ పెట్టుకోకండి, రేపు సాయంత్రానికి చూద్దాం' అని నవ్వుతారు. ముగ్గురూ చెప్పింది నిజమే! అదే పప్పు, అదే రవ్వ, అదే కొలత. మరి తేడా ఎక్కడ వచ్చింది?

ఊరు మారితే నీళ్ళు మారతాయి, యాస మారుతుంది. పిండి పులిసే వేళ కూడా మారుతుంది. ఈ చిన్న సంగతి తెలియక ఎంతమంది కొత్త కోడళ్ళు 'నీ చెయ్యి మంచిది కాదమ్మా' అనిపించుకున్నారో! పప్పు, రవ్వ పారబోసిన నష్టం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. అందుకే ఈ వారం మిమ్మల్ని నాలుగు ఊళ్ళు తిప్పుకొస్తాను. ఒక కొండ, ఒక సీమ, ఒక నగరం, ఒక కోవెల చూద్దాం. వెళ్ళిన ప్రతిచోటా వంటింట్లోకి తొంగిచూసి, పిండి పులిసిందని తెలుసుకునే గుర్తు ఒక్కొక్కటి కొంగున ముడేసుకుని వద్దాం. ఏమంటారు?

కొండ మీద ఒక గీత

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కారంటే ఆ ప్రయాణమే ఒక పండగ. కొత్తవలస దాటి, శృంగవరపుకోట దాటి రైలు కొండెక్కుతుంది. ఒక సొరంగంలోంచి బయటపడి ఊపిరి పీల్చుకునే లోపే ఇంకో సొరంగం! పిల్లలు కేకలు పెడుతూనే ఉంటారు. బొర్రా గుహలు వెళ్ళిపోయాక శిమిలిగూడ వస్తుంది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న స్టేషను అది. అక్కడికొచ్చేసరికి విశాఖలో కట్టుకున్న నూలు చీర చాలదు, పెట్టెలోంచి శాలువా తీయాల్సిందే. ఆ తర్వాత అరకు.

మా అక్క కూతురు కాపురం అక్కడే. వాళ్ళాయన బ్యాంకు ఉద్యోగి. ఆ అమ్మాయి కాకినాడలో పుట్టి పెరిగింది. సంక్రాంతికి ముందు నేను వెళ్ళేసరికి కాఫీ ఇస్తూనే మొదలుపెట్టింది.

'పిన్నీ, మా ఇంట్లో ఇడ్లీ అనే మాట ఎత్తి రెండు నెలలైంది. అమ్మ చేసినట్టే చేస్తున్నాను. పొద్దున్న లేచి చూస్తే రుబ్బినప్పుడు ఎంత ఉందో అంతే ఉంటోంది. వండితే రాళ్ళు. పోనీ అని సోడా ఎక్కువ వేస్తే పచ్చటి మచ్చలు, సబ్బు వాసన. పండక్కి మా అత్తగారొస్తున్నారు. కొంతమంది చేతికి పిండి పొంగదమ్మా అని ఆవిడ ఫోనులోనే అనేశారు...'

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇడ్లీ కోసం ఏడుస్తారా అని మీరు నవ్వకండి. అది ఇడ్లీ కోసం ఏడుపు కాదని మీకూ తెలుసు.

వాళ్ళ వంటింటి గోడకి ఒక చిన్న థర్మామీటరు వేలాడుతోంది. తెల్లవారుజామున చూస్తే పదమూడు డిగ్రీలు! పిండిని పొంగించే సూక్ష్మజీవులకి ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై రెండు డిగ్రీల వెచ్చదనం కావాలి. పదమూడు డిగ్రీల చలిలో అవీ మనలాగే ముడుచుకుని పడుకుంటాయి. ఇంకో సంగతి కూడా వినండి. ఆ సూక్ష్మజీవులు మన చేతిలోంచి వచ్చేవి కావు. ఇడ్లీ పిండి పొంగడానికి ముఖ్య కారణం ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా అని 1965లోనే శాస్త్రవేత్తలు పరిశోధించి ప్రకటించారు. అవి పప్పు మీద, బియ్యం మీద సహజంగానే ఉంటాయి. పప్పు నానుతుంటేనే పెరగడం మొదలుపెడతాయి. అవి వదిలే వాయువుని మినప్పప్పులోని జిగురు బయటికి పోనీయకుండా పట్టి ఉంచుతుంది. అదే పొంగు! ఇక ఇందులో చేతి మంచిచెడ్డలకి చోటెక్కడిది?

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి మళ్ళీ రుబ్బాం. గ్లాసు మినపగుళ్ళు, రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ, పప్పుతోపాటు నానబోసిన చెంచాడు మెంతులు. రవ్వ కలిపేటప్పుడు గోరువెచ్చని నీళ్ళు వాడాం. ఉప్పు వెయ్యలేదు, అది పొంగాక వేసుకోవచ్చు. లోతైన స్టీలు గిన్నెలో సగానికి మించకుండా పిండి పోసి, బయటివైపు పిండి మట్టానికి స్కెచ్ పెన్నుతో ఒక గీత గీశాం. గిన్నెకి మూతపెట్టి పాత రగ్గు చుట్టి, అట్టపెట్టెలో దించి, పక్కన వేడినీళ్ళ చెంబు మూతపెట్టి ఉంచాం. రాత్రి పడుకోబోయే ముందు చెంబులో నీళ్ళు మార్చాం, తెల్లారి లేచి మళ్ళీ మార్చాం.

పొద్దున్న ఆరింటికి చూస్తే పిండి గీత మీద వేలెడు లేచింది. అమ్మాయి ఇడ్లీపాత్ర తీయబోయింది. 'ఆగు, గీతకి రెండింతలు రానీ' అన్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చింది. లెక్కవేస్తే పదిహేడు గంటలు! కాకినాడలో ఎనిమిది గంటల్లో అయ్యే పనికి అరకులో పదిహేడు పట్టింది, అంతే. పండగకొచ్చిన అత్తగారు నాలుగిడ్లీలు తిని ఐదోది వడ్డించుకుంటూ 'చెయ్యి కుదిరిందే!' అన్నారట. చెయ్యి మొదట్నించీ కుదిరే ఉంది. కుదరనిది చలి!

మొదటి గుర్తు ఇదీ: గిన్నెకి గీత గీయండి. పిండి దానికి రెండింతలు లేచిందా అని చూడండి, ఎన్ని గంటలైందని చూడకండి. గీత గీయడం ఇష్టం లేకపోతే గిన్నెకి ఒక రబ్బరుబ్యాండు వేసినా చాలు.

కోనసీమలో నడినెత్తి

కొండ దిగి గోదావరి వైపు వద్దాం. రాజమండ్రి నుంచి రావులపాలెం మీదుగా కోనసీమలో అడుగుపెట్టగానే గాలే మారిపోతుంది. కాలవగట్లు, కొబ్బరితోటలు, అరటితోటలు, ఒంటికి అంటుకునే ఉక్క. కొబ్బరి వ్యాపారానికి పేరుపడ్డ అంబాజీపేటకి ఇంకో పేరు కూడా ఉంది - పొట్టిక్కల ఊరు! పనసాకులు నాలుగు తీసుకుని, పుల్లలతో గుచ్చి, చిన్న బుట్టలా కడతారు. అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరిమీద ఉడికిస్తారు. బుట్ట విప్పితే పనసాకు వాసనతో పొట్టిక్క పొగలు కక్కుతూ బయటికొస్తుంది. దానిమీద కాస్త నెయ్యి, పక్కన కొబ్బరి చట్నీ, అల్లం చట్నీ... చెప్తుంటేనే నోరూరుతోంది కదూ!

ఈ ఊరి కష్టం అరకు కష్టానికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ పిండి పొంగదేమోనన్న బెంగ లేదు. వేసవిలో ఆరు గంటలు తిరిగేసరికి పొంగు దాటిపోతుందేమోనన్నదే బెంగ. దాటిపోయిన పిండితో పొట్టిక్కలు వేస్తే బుట్టలో పొంగినట్టే పొంగి, దించేసరికి నడుమ కుంగిపోతాయి. నోట్లో పెట్టుకుంటే పళ్ళు పులుస్తాయి.

అక్కడ ఒక పెద్దావిడని 'దాటిపోకముందే ఎలా పట్టుకుంటారమ్మా?' అని అడిగాను. 'నడినెత్తి చూడాలండీ' అందావిడ. పిండి పొంగుతున్నంతసేపూ గిన్నెలో నడిమి భాగం ఉబ్బి బోర్లించిన మూకుడులా ఉంటుంది. అంటే ఇంకా లేస్తోందని అర్థం. నడినెత్తి చదునుగా వచ్చి, పైన సన్నసన్నటి బుడగలు కనిపిస్తే పని పూర్తయింది, ఇక పొయ్యి వెలిగించుకోవచ్చు. నడుమ గుంటపడి, గిన్నె గోడలమీద పైదాకా పిండి చార ఆరిపోయి కనిపిస్తే పొంగొచ్చి దిగిపోయిందన్నమాట. ఆ చారే సాక్ష్యం!

ఉక్కగా ఉండే ఊళ్ళో మీరుంటే ఇంకో మూడు జాగ్రత్తలు పాటించండి. రుబ్బేటప్పుడు చల్లటి నీళ్ళు వాడండి, గ్రైండరు వేడికి పిండి కాగిపోకుండా ఉంటుంది. ఉప్పు ముందే కలిపేయండి, అది పులుపుని కాస్త నెమ్మదిగా నడిపిస్తుంది. నడినెత్తి చదునవ్వగానే పిండిని ఫ్రిజ్జులో పెట్టేయండి. ఫ్రిజ్జులో పులియడం పూర్తిగా ఆగదు సుమా, నిదానిస్తుంది. కాబట్టి మూడోనాటికి పులుపు పెరగడం సహజం.

బెంగుళూరులో తేనెపట్టు

ఇప్పుడు బెంగుళూరు. ఉద్యోగాల పుణ్యమా అని మన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడ్డాయి. ఈ నగరం తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మార్గశిరంలో రాత్రులు పదిహేను, పదహారు డిగ్రీలకి దిగుతాయి. అరకు అంత చలి కాదు, విజయవాడ అంత వెచ్చనా కాదు. ఈ మధ్యరకం ఊళ్ళోనే గృహిణి ఎక్కువగా తికమకపడుతుంది.

ఇడ్లీకి కన్నడసీమలో చాలా పాత చరిత్ర ఉంది. 920 ప్రాంతంలో శివకోట్యాచార్యుడు రాసిన 'వడ్డారాధనె' అనే కన్నడ గ్రంథంలో 'ఇడ్డలిగె' అనే పేరు కనిపిస్తుంది. అప్పటి ఇడ్డలిగెలో బియ్యం కలపడం, రాత్రంతా పులియబెట్టడం లేవని ఆహార చరిత్ర రాసిన కె.టి. అచయ అభిప్రాయం. అంటే పులియబెట్టే విద్య తర్వాత వచ్చి చేరింది! అసలు పులియబెట్టే పనే లేని రవ్వ ఇడ్లీ కూడా ఈ ఊరిదే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బియ్యానికి కరువొచ్చినప్పుడు బొంబాయిరవ్వతో తామే మొదలుపెట్టామని మావళ్ళి టిఫిన్ రూమ్స్ వారు చెప్పుకుంటారు. అందులో పెరుగు, సోడాల బలంతో అప్పటికప్పుడు పొంగు వస్తుంది. అది వేరే రుచి, వేరే వంటకం. పులిసిన పిండికి అది బదులు కాదు.

బెంగుళూరు చలికి పిండి పైన పొరకట్టి, ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. పైపైన చూసి మోసపోకండి. గరిటెని అంచువెంట నెమ్మదిగా లోపలికి దించి, ఒక్కసారి పక్కకి లాగండి. లోపల తేనెపట్టులా బొరియలు బొరియలుగా కనిపించాలి. గరిటె ఎత్తితే పిండి బరువుగా జారిపడకుండా తేలిగ్గా, దూదిలా వేలాడాలి. చెవి దగ్గర పెట్టుకుంటే బుడగలు చిట్లే సన్నటి చిటపట కూడా వినిపిస్తుంది. లోపల బొరియలు లేకపోతే ఇంకో రెండు గంటలు ఆగాల్సిందే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 'చెంచాడు పిండి నీళ్ళలో వేస్తే తేలాలి, తేలితే పులిసినట్టే' అని చాలామంది అంటారు. ఈ పరీక్షని పూర్తిగా నమ్మకండి. బాగా రుబ్బిన మినప్పిండి గ్రైండరులోంచి తీసిన మరుక్షణమే నీళ్ళలో తేలుతుంది! గారెలపిండి అలా తేలడం మీరు చూసే ఉంటారు. అది రుబ్బడంలో చేరిన గాలి, పులవడంలో పుట్టిన గాలి కాదు. తేలిందంటే రుబ్బు కుదిరిందని తెలుస్తుంది. పులిసిందీ లేనిదీ బొరియలూ వాసనా చెప్పాలి.

కంచి కోవెలలో వాసన

వాసన దగ్గరికొచ్చాం కాబట్టి కంచికి వెళ్దాం. పట్టుచీరలు కొనడానికి వెళ్ళే మనం, వరదరాజస్వామి కోవెలలో ఇచ్చే ఇడ్లీ ప్రసాదం రుచి చూడకుండా రాకూడదు. దీన్ని అక్కడ 'కోవిల్ ఇడ్లీ' అంటారు. మన ఇడ్లీలా గుండ్రటి బిళ్ళ కాదు. పొడవాటి వెదురుబుట్టలో ఆకులు పరిచి, పిండి పోసి, ఆవిరిమీద చాలాసేపు ఉడికిస్తారు. ఆ ఆకుని తమిళంలో మందారై అంటారు, మన దేవకాంచనం జాతి చెట్టుది. ఉడికాక బుట్టలోంచి తీసి ముక్కలు కోస్తారు. మిరియాలు, జీలకర్ర, శొంఠి, నెయ్యి పడ్డ ఆ ముక్క నాలుగు వేళ్ళతో పట్టుకుంటే చాలు, ఆకలి పుడుతుంది.

ఇంత లావు ఇడ్లీ నడిమధ్య దాకా మెత్తగా ఉడకాలంటే పిండి సరిగ్గా పులిసి తీరాలి. పొంగు చాలకపోతే నడుమ దిమ్మలా మిగిలిపోతుంది. పులుపు మరీ ఎక్కువైతే మిరియం, శొంఠి ఘాటు కూడా దాన్ని కప్పలేదు. ఇంట్లో ఇలాంటి ఇడ్లీ లోతు గిన్నెలో వేయాలనుకునేవారు ముక్కుని నమ్ముకోండి. మూత తీయగానే రుబ్బిన పచ్చిపప్పు వాసన కొడితే ఇంకా కాలేదు. తోడుకున్న కమ్మటి పెరుగులాంటి పులుపు వాసన, వెనకాల చిన్న తీపి వస్తే సరిగ్గా అయ్యింది. ముక్కుపుటాలు అదిరేలా వెనిగరు వాసన వస్తే దాటిపోయింది.

కుళ్ళు వాసన వచ్చినా, పైన గులాబిరంగు, నారింజరంగు, పచ్చ, నలుపు మచ్చలు గానీ నూగు గానీ కనిపించినా మొత్తం పారబోయండి. 'పైపైన తీసేస్తే సరిపోతుందిలే' అనుకోకండి. బూజు వేళ్ళు కంటికి కనిపించకుండా లోపలికి దిగి ఉంటాయి. గ్లాసు పప్పు కంటే పిల్లల కడుపు ముఖ్యం కదా!

సముద్రాల కవతల

ఇప్పుడు మన పిల్లలు అమెరికాలో, ఇంగ్లండులో కాపురాలు చేస్తున్నారు. బయట మంచు కురుస్తుంటే ఇంట్లో పిండి పులియాలి. ఆ అమ్మాయిలు కనిపెట్టిన ఉపాయం ముచ్చటగా ఉంటుంది. ఓవెను వెలిగించకుండా లోపలి చిన్న దీపం మాత్రం వేసి, పిండిగిన్నె అందులో పెట్టి తలుపు మూస్తారు. ఆ దీపం వేడికే ఓవెనులో వెచ్చదనం నిలుస్తుంది. ఆలోచిస్తే, న్యూజెర్సీలో ఓవెను పెట్టెలోకి ఒక చిన్న విజయవాడని తెచ్చుకోవడమే అది! మీ అమ్మాయి ఫోను చేసి 'ఎన్ని గంటలు ఉంచాలమ్మా?' అని అడిగితే గంటలు చెప్పకండి. గీతని, నడినెత్తిని, బొరియలని, వాసనని చెప్పండి. మీ ఊరి గంటలు ఆ ఊళ్ళో పనిచెయ్యవు.

గిన్నె విషయం కూడా చెప్పండి. పులిసే పిండికి స్టీలు, గాజు, పింగాణీ మంచివి. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుపు నిలవకూడదు. వెనకటివాళ్ళు ఏటా కళాయి పోయించుకున్నది ఊరికే కాదు.

పిండికి నాలుగు వయసులు

ఇంత తిరిగొచ్చాక మీకో సంగతి తట్టే ఉంటుంది. పులియడం 'పూర్తయింది' అనడం మనం ఏం వండబోతున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. పులుపెక్కిన పిండి చెడ్డపిండి కాదు, వయసు పెరిగిన పిండి. ఏ వయసుకి ఆ పని అప్పగించాలి, అంతే!

పసితనం: రుబ్బిన గంటా రెండు గంటల్లోపు. పులుపు లేదు, పొంగు లేదు. మందపాటి మూకుడులో నూనె వేసి, పిండి మందంగా పోసి, మూతపెట్టి సన్నటి సెగమీద కాలిస్తే మినపరొట్టె అద్భుతంగా ఉంటుంది.

పడుచుతనం: గీతకి రెండింతలై, నడినెత్తి చదునైన వేళ. ఇదే ఇడ్లీకి, పొట్టిక్కలకి ముహూర్తం. ఈ దశలో పిండిని గరగరా కలిపారంటే పట్టిన గాలంతా పోతుంది. అంచునుంచి నెమ్మదిగా తీసి పోసుకోండి.

నడివయసు: ఫ్రిజ్జులో పెట్టిన మర్నాడు. పొంగు కాస్త తగ్గి పులుపు కాస్త పెరుగుతుంది. కొంచెం బియ్యప్పిండి, నీళ్ళు కలిపి అట్లు పోయండి, అంచులు ఎర్రగా కరకరలాడతాయి.

పెద్దతనం: మూడోనాడు. మంచి పులుపు. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర సన్నగా తరిగి కలిపి పుల్లట్లు పోయండి. లేదా కొద్దిగా మైదా, జీలకర్ర కలిపి సాయంత్రం వేడివేడి పునుగులు వేయండి. బళ్ళోంచి వచ్చిన పిల్లలు పళ్ళెం ఖాళీ చేసి మరీ అడుగుతారు.

రేపు రుబ్బబోయే ముందు గిన్నెకి ఒక గీత గీయండి. అది రెండింతలు ఎప్పుడైందో క్యాలెండరు మీద రాసుకోండి. ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి రాసుకున్నారంటే మీ వంటింటి లెక్క మీ చేతికొచ్చినట్టే. ఈసారి ఎవరింట్లోనైనా పిండి పొంగలేదని కోడలి చెయ్యి మీద మాట వస్తే, మీరు ఊరుకోకండి. 'ముందు ఆ పిండిగిన్నెని వెచ్చటి చోట పెట్టి చూడండి వదినా' అనండి!